విత్తనానికి కాయ వదిలేముందు

అనంతపురం మిద్దెతోటల పిల్లలకు,

కోసుకోగా మిగిలిన ఆఖరి ముదురుకాయను విత్తనానికి వదిలే అలవాటు మానుకోండి. అది తీగ నీరసించాక కాసింది, లోపల సగం పొల్లే ఉంటుంది. ముందు ఎంచాల్సింది కాయను కాదు, చెట్టును. వాన రెండు మూడు వారాలు మొహం చాటేసినా పిందె రాల్చని చెట్టు, తెగులు తగలని చెట్టు చూసుకుని, మంచి కాపు మీద ఉండగానే కాయకు ఎర్రదారం కట్టండి. వంకాయ, మటిక్కాయ (గోరుచిక్కుడు)లకు ఐదారు చెట్లు చాలు. బీర, సొరకు పది పాదులైనా కావాలి. ఒక్క మిద్దె మీద అన్ని పట్టవు కాబట్టి నాలుగిళ్ల వాళ్లు కలిసి ఒకే రకం వేసుకోండి. ఎఫ్1 (హైబ్రిడ్) అని రాసిన ప్యాకెట్ల మొక్కలు ఈ పనికి వద్దు, వాటి గింజలు తల్లిలా రావు.

బీర పక్కన సొర వేస్తే కలిసిపోతుందేమోనని భయపడకండి, అవి కలవవు. బీరకు పేచీ నేతిబీరతో, పొడుగు సొరకు గుండ్రటి సొరతో. పక్కింటి మిద్దె మీద అవి ఉంటే పువ్వును మీ చేతులతోనే కలపాలి. బీరపువ్వు సాయంత్రం విచ్చుతుంది. మధ్యాహ్నం మూడింటికే, కొసన పసుపు తొంగిచూస్తున్న మొగ్గలను వెతకండి. అడుగున చిన్న పిందె ఉన్నది ఆడమొగ్గ, గుత్తిలో సన్నటి కాడ మీద ఉన్నది మగమొగ్గ. రెండింటికీ పలచటి గుడ్డసంచి తొడగండి. ఆరు దాటాక మగపువ్వు తెంచి, రేకులు తీసేసి, పుప్పొడిని ఆడపువ్వు మధ్య భాగానికి మెల్లగా రుద్దండి. వేర్వేరు పాదుల నుంచి రెండు మగపువ్వులైతే ఇంకా మంచిది. మళ్లీ సంచి తొడిగి రెండు రోజులు ఉంచండి. పాదుకు రెండు కాయలు చాలు, గింజ ముదిరే కొద్దీ తీగ కొత్త పిందె తగ్గిస్తుంది.

కాయ తీగ మీదే గోధుమరంగుకు ఎండి, ఊపితే గలగలమనాలి. కొసన ఉన్న మూత విరిచి తలకిందులు చేస్తే నల్లగింజలు జలజలా రాలతాయి.

సొర విషయంలో ఒకటి బాగా గుర్తుంచుకోండి. ఈ ఏడు చేదు సొర పుప్పొడి తగిలినా ఈ ఏడు కాయ రుచి మారదు, ఆ గింజ వచ్చే ఏడు కాసినప్పుడే బయటపడుతుంది. అందుకే ప్రతి పాదులో ఒక లేతకాయ ముక్క నాలుకకు తాకించి చూడండి. చేదైతే ఉమ్మేసి పాదు పీకేయండి. చేదు సొర తింటే ప్రాణం మీదికొస్తుంది.

వంకాయ పసుపురంగుకు తిరిగి మెత్తబడ్డాక నీళ్లలో పిసకండి. మునిగినవే మంచి గింజలు. ఆ పూటే ఆరబెట్టాలి, తడి నిలిస్తే మొలకలొస్తాయి. అయితే మన ఎండల్లో స్లాబు మీద, స్టీలు పళ్లెంలో వద్దు, మొలక మాడిపోతుంది. నీడలో, చాటలో పలచగా పరవండి.

అలసందకు, అనుములకు పురుగు చేలోనే గుడ్డు పెడుతుంది. గింజ మీద తెల్లటి చుక్కలు కూడా దాని గుడ్లే. బాగా ఎండాక కిలోకు 5 మిల్లీలీటర్ల వేపనూనె పట్టించండి, లేదంటే గింజలంత జల్లించిన బూడిద కలపండి.

సీసా మీద రకం, ఊరు, ఏడాది, ఎన్ని చెట్ల గింజో రాయండి. ఫ్రిజ్‌లో పెడితే బయటికి తీశాక చల్లదనం పోయేదాకా మూత తీయొద్దు, గింజలకు చెమ్మ పడుతుంది. మృగశిరకు రెండు వారాల ముందు ఇరవై గింజలు తడిగుడ్డలో చుట్టి చూడండి. పద్నాలుగు కంటే తక్కువ మొలిస్తే పాదుకు రెట్టింపు గింజలు వేయండి.

మీ పెద్దమ్మ