టెక్ సందేహాలు: పిల్లలతో అనుకోని హైదరాబాద్ ప్రయాణం

ఈ వారం వచ్చిన ఉత్తరాలలో ఐదింటిని ఒకచోట చేర్చడానికి కారణం ఉంది. ఒకటి రెండు రోజుల ముందు అనుకుని, చిన్నపిల్లలను వెంటబెట్టుకుని, తక్కువ ఖర్చులో హైదరాబాద్ చూసి ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలనుకున్న కుటుంబాలే ఈ ఐదూ రాశాయి. వీరిలో చాలామంది కొత్తగా ఏ యాప్ వేసుకోవాలని అడిగారు. నాకు మాత్రం లోపం యాప్‌లలో కాక సమయంలో కనిపించింది. ఇంట్లో వైఫై ఉన్నప్పుడు తీరికగా చేసుకోవలసిన పనులను ప్లాట్‌ఫామ్ మీద, ఒక చేత్తో బిడ్డను ఎత్తుకుని, మరో చేత్తో చేయబోయి అందరూ ఇబ్బంది పడ్డారు.

గురువారం రాత్రి అనుకున్నాం. శుక్రవారం ఉదయం 10 గంటలకు ఐఆర్‌సీటీసీ తెరిస్తే, ఆ రాత్రి ఒంటిగంట దాటాక మా ఊరికి వచ్చే రైలుకు తత్కాల్ అప్పటికే అయిపోయిందని చూపింది. శనివారం పొద్దున రైలుకు ప్రయత్నిస్తే ఆధార్ దగ్గర ఆగిపోయింది. పిల్లలకు ఆరేళ్లు, మూడేళ్లు. మేం ఎక్కడ పొరబడ్డాం? – ఒక పాఠకురాలు, విజయవాడ

మీ మొదటి పొరపాటు తేదీ దగ్గర జరిగింది. తత్కాల్ ఒక రోజు ముందు తెరుచుకుంటుందన్నది నిజమే కాని, ఆ లెక్క మీరు ఎక్కే స్టేషన్‌ను బట్టి కాక రైలు మొదట బయలుదేరే స్టేషన్‌ను బట్టి ఉంటుంది. విశాఖపట్నంలో శుక్రవారం సాయంత్రం బయలుదేరి అర్ధరాత్రి దాటాక విజయవాడ చేరే రైలును మీరు శనివారం రైలుగా భావిస్తారు, రైల్వే మాత్రం దానిని శుక్రవారం రైలుగానే లెక్కిస్తుంది. అందువల్ల దాని తత్కాల్ గురువారమే తెరుచుకుని, మీరు ప్రయాణం తలపెట్టే సమయానికే ముగిసి ఉంటుంది. విజయవాడలోనే ఉదయం బయలుదేరే శాతవాహన ఎక్స్‌ప్రెస్ వంటి రైలుకు ఈ చిక్కు లేదు. ఏసీ తరగతులకు ఉదయం 10 గంటలకు, నాన్ ఏసీకి 11 గంటలకు మొదలవుతుంది కనుక, సెకండ్ సిట్టింగ్ చాలనుకుంటే మీకు మరో గంట వ్యవధి దొరుకుతుంది.

ఇక ఆధార్ సంగతి. 2025 జూలై 1 నుంచి ఆధార్‌తో ధ్రువీకరించిన ఖాతాలకే ఆన్‌లైన్‌లో తత్కాల్ టికెట్ ఇస్తున్నారు. అదే నెల 15 నుంచి ఆధార్ ఓటీపీ కూడా తప్పనిసరి అయింది. ఈ ధ్రువీకరణను ఖాతా వివరాల పేజీలో ఒక్కసారి చేసుకుంటే సరిపోతుంది కాని, 10 గంటలకు టికెట్ కోసం కూర్చుని 10 గంటల 2 నిమిషాలకు దానిని మొదలుపెట్టేవారికి టికెట్ దక్కదు. ఓటీపీ ఆధార్‌కు జతచేసిన నంబరుకు వస్తుంది. చాలా ఇళ్లలో ఆ నంబరు అత్తగారి దగ్గరున్న పాత ఫోన్‌లో ఉంటుంది కనుక, ముందు ఆ ఫోన్ ఎక్కడుందో చూసుకోండి. కుటుంబ సభ్యుల పేర్లు, వయసులు కూడా ఐఆర్‌సీటీసీ ఖాతాలోని మాస్టర్ లిస్ట్‌లో ముందే చేర్చి ఉంచితే టైపు చేసే సమయం కలిసివస్తుంది.

పిల్లల ఛార్జీలో ఒక మెలిక ఉంది. ఐదేళ్లలోపు బిడ్డకు వేరే సీటు అక్కర్లేదనుకుంటే టికెట్ తీసుకోనవసరం లేదు. ఐదు నుంచి పన్నెండేళ్లలోపు పిల్లలకు బెర్తు వద్దనుకుంటే సగం ఛార్జీ పడుతుంది, కావాలంటే పూర్తి ఛార్జీ కట్టాలి. అయితే సెకండ్ సిట్టింగ్, ఏసీ చైర్‌కార్ తరగతులలో సీటు లేని సగం టికెట్ ఇవ్వరు. కనుక పగటి రైలులో మీ ఆరేళ్ల అమ్మాయికి పూర్తి టికెట్ అని లెక్క వేసుకోండి. ఆ డబ్బు వృథా అని నేననుకోను, ఎందుకంటే ఆరేళ్ల పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని అన్ని గంటలు ప్రయాణం చేసినవారు రెండోసారి ఆ పొదుపు జోలికి పోరు.

తత్కాల్ దొరకలేదని అప్పుడే ఆశ వదులుకోవద్దు. ఎవరికి ఏ సీటో చూపే మొదటి చార్టు తయారయ్యాక మిగిలిన సీట్లను, రైలు బయలుదేరడానికి సుమారు అరగంట ముందు వరకు, కరెంట్ బుకింగ్‌లో మామూలు ఛార్జీకే ఇస్తారు. ఐఆర్‌సీటీసీలో చార్టులు, ఖాళీలు చూపించే పేజీ ఒకటి ఉంది. అందులో రైలు నంబరు, తేదీ, ఎక్కే స్టేషన్ ఇస్తే ఏ పెట్టెలో ఏ సీటు ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్ దాకా ఖాళీగా ఉందో కనబడుతుంది. పిల్లలున్న కుటుంబానికి తత్కాల్ కంటే నేను దీనినే ముందుగా సూచిస్తాను. ఖరారైన తత్కాల్ టికెట్‌ను రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి రాదు, బయలుదేరే రోజు తెల్లవారుజామున చిన్నవాడికి జ్వరం తగలదన్న హామీ ఏ యాప్ కూడా ఇవ్వదు.

యాప్‌లో గది రోజుకు 900 రూపాయలని చూపింది. తీరా లాడ్జికి వెళ్తే పిల్లలకు అదనంగా కట్టమన్నారు. అంతకుముందు అందరి ఆధార్ కాపీలూ వాట్సాప్‌లో పంపమన్నారు. పంపవచ్చా? – ఒక పాఠకుడు, వరంగల్

యాప్‌లలో శోధన మొదలుపెట్టగానే ‘ఇద్దరు పెద్దలు, పిల్లలు సున్నా’ అని దానంతటదే ఉంటుంది. పిల్లల సంఖ్యను, వయసులను చేర్చకుండా చూసిన ధర మీ కుటుంబానికి చెందిన ధర కాదు. వాటిని చేర్చాక కూడా చివరి పేజీలో పన్నులతో కలిపి వచ్చే మొత్తాన్నే చూడండి. ఆ తరువాత లాడ్జికి ఫోన్ చేసి, పిల్లలకు వేరే మంచం లేకుండా అదే ఛార్జీ వర్తిస్తుందా అని అడిగి, ఒప్పుకున్న మాటను వాట్సాప్‌లో ఒక వాక్యంగా రాయించుకోండి. కౌంటరు దగ్గర వాదించడం కంటే ఆ ఒక్క వాక్యం చూపించడం తేలిక.

ఫోన్ నంబరు ఎక్కడ దొరికిందన్నది కూడా ముఖ్యమే. శోధనలో మొదట కనిపించిన నంబరుకు ఫోన్ చేసి, అవతలివారు అడ్వాన్స్ పంపమన్నా, తెర పంచుకునే యాప్ వేసుకోమన్నా వెంటనే ఫోన్ పెట్టేయండి. డబ్బు పోయిందని తెలిసిన క్షణంలోనే 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యమైన కొద్దీ ఆ డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మారిపోతుంది.

ఆధార్ విషయానికి వస్తే, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను, ఆధార్ జారీచేసే సంస్థ ఉడాయ్ (UIDAI) వెబ్‌సైటు నుంచి దించుకుని వాడండి. ముందే పంపమంటే, అక్కడికి వచ్చాక చూపిస్తామని చెప్పండి.

ఇంతకూ మీకు గది అవసరమా? వరంగల్ నుంచి సికింద్రాబాద్ సుమారు 140 కిలోమీటర్లే కనుక పొద్దున్నే వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు. రిజర్వేషన్ లేని టికెట్‌ను రైల్వే వారి రైల్‌వన్ యాప్‌లోనే తీసుకోవచ్చు. అయితే కాగితం లేని టికెట్‌ను స్టేషన్ ఆవరణలోకి వచ్చాక తీసుకోబోతే, జీపీఎస్ మీ చోటును గుర్తించి అడ్డుకుంటుంది. అప్పుడు అక్కడ అతికించిన క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేయాలి, లేదా ఇంటి దగ్గరే టికెట్ తీసుకోవాలి. 200 కిలోమీటర్లలోపు టికెట్‌తో మూడు గంటలలోగా ప్రయాణం మొదలుపెట్టాలి కనుక రాత్రే తీసి పెట్టుకోవడం కుదరదు. టికెట్ ఏ ఫోన్‌లో తీశారో ఆ ఫోన్‌నే టీటీఈకి చూపాలి, స్క్రీన్‌షాట్ చెల్లదు. ఒకసారి నేను ఇలాంటి టికెట్‌తోనే ఎక్కి, దారంతా పిల్లవాడికి అదే ఫోన్‌లో కార్టూన్లు పెట్టి, టీటీఈ వచ్చేసరికి రెండు శాతం చార్జింగ్‌తో మిగిలాను. టికెట్ ఉన్న ఫోన్‌ను పిల్లల చేతికి ఇవ్వకూడదన్న నియమం మా ఇంట్లో ఆ రోజు నుంచే మొదలైంది.

ఊళ్లో తిరగడానికి గూగుల్ మ్యాప్స్‌ను ఆఫ్‌లైన్‌లో పెట్టుకున్నాం. కాని నడిచే దారి గాని, బస్సు గాని చూపలేదు. మాది పాత ఫోన్, డేటా తక్కువ. ఖర్చు కూడా చేయి దాటింది. – ఒక పాఠకురాలు, కర్నూలు

ఆఫ్‌లైన్ మ్యాపులో వాహనం నడిపే దారి మాత్రమే వస్తుంది. నడకకు, బస్సుకు, మెట్రోకు డేటా ఉండాల్సిందే. అందువల్ల తప్పు మీ ఫోన్‌ది కాదు. అయినా ఆఫ్‌లైన్ మ్యాపుకు ఒక మంచి ఉపయోగం ఉంది: ఆటోలో కూర్చున్నప్పుడు నీలం చుక్క సరైన దిక్కుకే వెళ్తోందో లేదో డేటా లేకుండానే చూసుకోవచ్చు.

మ్యాపు కంటే ముందు మెట్రో గీతలను గుర్తుంచుకుంటే డేటాతో పెద్దగా పని ఉండదు. ఎరుపు గీత మియాపూర్ నుంచి ఎల్బీ నగర్‌కు, నీలం గీత నాగోల్ నుంచి రాయదుర్గంకు, ఆకుపచ్చ గీత జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) నుంచి మహాత్మాగాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్)కు వెళ్తాయి. ఎరుపు, నీలం గీతలు అమీర్‌పేటలోనూ, ఎరుపు, ఆకుపచ్చ గీతలు ఎంజీబీఎస్‌లోనూ కలుస్తాయి. మీరు బస్సులో వచ్చి ఎంజీబీఎస్‌లో దిగితే మెట్రో స్టేషన్ పక్కనే ఉంటుంది. చార్మినార్‌కు మెట్రో లేదు కనుక అక్కడి నుంచి ఆటో గాని సిటీ బస్సు గాని ఎక్కాలి. ఆ సిటీ బస్సు ఎక్కడిదాకా వచ్చిందో టీజీఎస్ఆర్టీసీ వారి ‘గమ్యం’ యాప్‌లో చూడవచ్చు. మెట్రో టికెట్‌ను వాట్సాప్‌లోనే కొనవచ్చు. ప్రతి మనిషికీ వేరే క్యూఆర్ వస్తుంది కనుక, గేటు దగ్గరికి చేరకముందే వాటిని తెరిచి, తెర వెలుగు పెంచి ఉంచుకోండి. వెనక వరుస పెరుగుతుంటే, పిల్లవాడు గేటు కింది నుంచి దూరుతుంటే, మసక తెరను యంత్రానికి మళ్లీ మళ్లీ చూపించడం కష్టం.

సెలవు రోజులను కూడా ముందే చూసుకోండి. సాలార్‌జంగ్ మ్యూజియం శుక్రవారం, నెహ్రూ జూ పార్కు సోమవారం మూసి ఉంటాయి. శని, ఆదివారాల ప్రయాణానికి అడ్డులేదు కాని, సోమవారం సెలవు కలిసొచ్చిందని జూను చివరికి పెట్టుకునేవారు గేటు చూసి తిరిగి రావలసి వస్తుంది. సాలార్‌జంగ్‌లో పిల్లలు కదలకుండా కూర్చునే చోటు ఒక్కటే, సంగీత గడియారం ముందు. గంటకోసారి చిన్న బొమ్మ మనిషి బయటికి వచ్చి, ఎన్ని గంటలయితే అన్ని దెబ్బలు కొడతాడు. ఫోన్‌లో ప్రతి గంటకూ పది నిమిషాల ముందు అలారం పెట్టుకుంటే, పై అంతస్తులో తిరుగుతూ ఆ క్షణాన్ని పోగొట్టుకోరు. పన్నెండు గంటలకు పన్నెండు దెబ్బలు కనుక జనం కూడా అప్పుడే ఎక్కువ. పదకొండుకు వెళ్తే ఒక్క దెబ్బ తగ్గుతుంది, పిల్లలకు మాత్రం ముందు వరుస దొరుకుతుంది.

ఖర్చు అదుపుకు యూపీఐ లైట్‌ను పర్సులా వాడండి. అందులో 5,000 రూపాయల దాకా నిల్వ ఉంచవచ్చు, ఒక్కొక్కసారి 1,000 వరకు పిన్ లేకుండా చెల్లించవచ్చు. శనివారం ఉదయం ఆ రోజు ఖర్చుకు సరిపడే మొత్తాన్ని అందులో వేసి, దానంతటదే డబ్బు నింపుకునే (ఆటో టాప్‌అప్) సదుపాయాన్ని ఆపేసి, టీ నుంచి బుడగల దాకా అన్నీ దాని నుంచే ఇవ్వండి. సాయంత్రం నాలుగింటికి 180 రూపాయలు మిగిలాయని తెర చూపితే, తరువాతి ఐస్‌క్రీమ్ గురించి ఇంట్లో వాదన ఉండదు. కొంత నగదు కూడా జేబులో ఉంచండి, జనం కిక్కిరిసిన చోట సిగ్నల్ ఎవరి మాటా వినదు.

మా నాలుగేళ్ల బాబు తప్పిపోతాడేమోనని భయం. 2,000 రూపాయలలో జీపీఎస్ వాచ్ కొనవచ్చా? – ఒక పాఠకుడు, ఖమ్మం

ఈ ఒక్క ప్రయాణం కోసమైతే కొనవద్దు. వాచ్ ఎక్కడుందో మీ ఫోన్‌కు తెలియాలంటే దానిలో సిమ్ ఉండి, డేటా నడుస్తుండాలి. సిమ్ లేని వాచ్ పెట్టె మీద జీపీఎస్ అని రాసి ఉన్నా, మీరు దూరమైతే అది మీకు ఏమీ చెప్పలేదు. బ్లూటూత్ ట్యాగులు కూడా దారిన పోయేవారి ఫోన్‌ల ద్వారానే తమ చోటును తెలుపుతాయి. అవి సామాను కోసం తయారైనవి, పరుగెత్తే పిల్లవాడి వెనక క్షణక్షణం రాలేవు.

డబ్బు అవసరం లేని పనులు కొన్ని ఉన్నాయి. గది నుంచి బయలుదేరే ముందు, ఆ రోజు వేసుకున్న బట్టలు, చెప్పులు కనిపించేలా బాబును నిలువుగా ఒక ఫోటో తీయండి. కంగారులో తల్లిదండ్రులకు చొక్కా రంగు కూడా గుర్తురాదు, ఈ ఫోటో ఉంటే పోలీసులకు వెంటనే చూపించవచ్చు. ఇద్దరి ఫోన్ నంబర్లు రాసిన చీటీని, పేరు లేకుండా, నిక్కరు లోపలి జేబులో పెట్టి పిన్నీసు గుచ్చండి. మీరిద్దరూ వాట్సాప్‌లో లైవ్ లొకేషన్‌ను ఎనిమిది గంటలకు పంచుకోండి. పిల్లల సహాయానికి 1098, అత్యవసరానికి 112, రైలులో 139 నంబర్లను ఫోన్‌లో దాచుకోండి.

20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ కొన్నాం. 5,000 ఎంఏహెచ్ ఫోన్‌కు నాలుగు సార్లు రావాలి కదా, రెండున్నర సార్లే వస్తోంది. మోసపోయామా? ఇంకో మాట, గోల్కొండలో చప్పట్లు వీడియో తీద్దామంటే ఫోన్‌లో చోటు లేదని వచ్చింది. – ఒక పాఠకురాలు, నల్గొండ

మోసపోలేదు. ఆ 20,000 అంకె లోపలి సెల్ 3.7 వోల్టుల దగ్గర ఇచ్చే లెక్క. ఫోన్‌కు 5 వోల్టుల దగ్గర ఇచ్చేసరికి అది 14,800కు దిగుతుంది, ఆపైన వేడి రూపంలో మరికొంత పోతుంది. పెట్టె మీద చిన్న అక్షరాలలో ఉండే రేటెడ్ కెపాసిటీయే అసలు అంకె. రెండు రోజుల ప్రయాణానికి 10,000ది చాలు, బరువులో సగం తగ్గుతుంది. ఆ బరువుకు బదులు మీ సంచిలో ఎలాగూ నీళ్ల సీసా ఉంటుంది.

చోటు విషయంలో, వాట్సాప్ సెట్టింగులలో స్టోరేజ్ చూసి పెద్ద వీడియోలను తొలగించడం శుక్రవారం రాత్రి చేయవలసిన పని. గూగుల్ ఫోటోస్‌లో ఫోన్ ఖాళీ చేసే ముందు బ్యాకప్ పూర్తయిందో లేదో చూడండి. 4కేలో పిక్సెళ్లు 1080పీ కంటే నాలుగింతలు కనుక, పిల్లల వీడియోలకు 1080పీ చాలు. గోల్కొండలో కోట ప్రవేశ ద్వారం దగ్గర గుమ్మటం కింద కొట్టిన చప్పట్లు పైన బాలా హిస్సార్ దగ్గర వినబడతాయి. అందుకని రెండు ఫోన్‌లు, ఇద్దరు మనుషులు కావాలి. పైకి మూడు వందలకు పైగా మెట్లు ఉన్నాయి కనుక, చంటివాడితో ఉన్నవారు కింద ఉండి చప్పట్లు కొట్టండి, పైకెక్కినవారు రికార్డు చేయండి. ఎప్పుడు కొట్టాలో ముందే ఫోన్‌లో మాట్లాడుకుని లైను పెట్టేయండి, లేకపోతే వీడియోలో కోట చప్పుడు బదులు మీ ఇద్దరి ‘వినబడిందా, వినబడిందా’లే మిగులుతాయి.