ప్రైవేటు పాఠశాలకు టీచర్ ఉద్యోగ దరఖాస్తు లేఖ ఎలా రాయాలి?

ఇదే ఇబ్బంది చాలామందికి ఉంటుంది కాబట్టి మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. మీరు గణితంలో బి.ఎడ్. చేశారు. 2017లో తెలంగాణ టెట్ (టీచర్ అర్హత పరీక్ష) రెండో పేపరులో అర్హత సాధించారు. కరీంనగర్‌లో మూడేళ్లు ఆరు నుంచి తొమ్మిది తరగతులకు లెక్కలు చెప్పారు. తర్వాత పిల్లల కోసం నాలుగేళ్లు ఉద్యోగానికి దూరంగా ఉన్నారు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటూ చుట్టుపక్కల పాఠశాలలన్నింటికీ ఒకే లేఖ పంపుతున్నారు, ఎవరూ పిలవడం లేదు. ఆ లేఖలోని ముఖ్యమైన వాక్యాలు మీరే ఇచ్చారు: "మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో ఖాళీ ఉన్నట్లు విశ్వసనీయంగా తెలిసింది. నేను కష్టపడే స్వభావం, అంకితభావం, ఓర్పు గలదాన్ని. దయచేసి నాకు అవకాశం ఇస్తే మీకు సంతృప్తి కలిగేలా పనిచేస్తానని హామీ ఇస్తున్నాను." లోపం నా అర్హతల్లో ఉందా, లేఖలో ఉందా అని అడిగారు.

అర్హతల్లో ఏ లోపమూ లేదు. లెక్కలు బాగా చెప్పగలిగే టీచర్ కోసం ఎన్నో పాఠశాలలు ఎదురుచూస్తుంటాయి. ఇబ్బందంతా లేఖతోనే. అందులో మీరు కనిపించడం లేదు. కింద సంతకం మార్చి హిందీ టీచర్ పంపినా, లైబ్రేరియన్ పంపినా అదే లేఖ సరిపోతుంది.

నేను చాలాకాలం ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేశాను. టీచర్ల ఎంపిక నా బాధ్యతే. ఏప్రిల్, మే నెలల్లో దరఖాస్తులు కట్టలుగా వచ్చేవి. వాటిని చదివే మనిషి ఏ స్థితిలో ఉంటారో తెలిస్తే లేఖ ఎలా రాయాలో సగం తెలిసినట్టే. ఎదురుగా టైంటేబుల్ ఉంటుంది. అందులో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల గణితం గడులు ఖాళీగా ఉంటాయి. జూన్ 12న బడి తెరిచేలోపు అవి నిండాలి. బయట ఫీజు గురించి మాట్లాడటానికి తల్లిదండ్రులు కూర్చుని ఉంటారు, ఈలోపు బడి యాజమాన్యం చూసుకునే కరస్పాండెంట్ గారి ఫోను వస్తుంది. ఆ హడావిడిలో ఒక్కో లేఖకు దక్కేది నిమిషం లోపే. ఆ నిమిషంలో ఆయనో ఆవిడో వెతికేది ఒకటే: ఈ మనిషి ఈ ఖాళీ గడుల్లో సరిపోతారా?

కాబట్టి మొదటి పేరాలోనే దానికి జవాబు ఉండాలి. ఏ సబ్జెక్టు, ఏ తరగతులు, ఏ మీడియం, టెట్ ఉందా, ఎంత అనుభవం, ఎక్కడ ఉంటున్నారు, ఎప్పుడు చేరగలరు. మీ విషయంలో ఇలా ఉండవచ్చు:

"మీ పాఠశాలలో ఆరు నుంచి ఎనిమిది తరగతులకు గణితం టీచర్ కావాలన్న ప్రకటన చూశాను. గణితం మెథడాలజీతో బి.ఎడ్. పూర్తిచేసి, టెట్ రెండో పేపరులో అర్హత సాధించాను. కరీంనగర్‌లోని ఒక ఇంగ్లీషు మీడియం పాఠశాలలో మూడేళ్లు ఆరు నుంచి తొమ్మిది తరగతులకు గణితం బోధించాను. మీ పాఠశాలకు దగ్గరలోనే ఉంటున్నాను. జూన్ మొదటి వారంలో చేరగలను."

ఇందులో ఒక్క విశేషణం కూడా లేదు. చదివేవారికి కావలసినదంతా ఉంది. ప్రతిష్ఠాత్మక సంస్థ అన్న పొగడ్త తీసేస్తే ఎవరూ నొచ్చుకోరు, ప్రతి లేఖలోనూ ఉండే మాటే అది. దానికి బదులు ఆ పాఠశాల గురించి మీకు నిజంగా తెలిసిన ఒక్క విషయం రాయండి. కనీసం అది రాష్ట్ర సిలబస్‌లో నడుస్తుందో సీబీఎస్ఈ సిలబస్‌లో నడుస్తుందో తెలుసుకోండి. సీబీఎస్ఈ అయితే పాఠ్యపుస్తకాలు మారిపోతాయి, పదో తరగతి గణితంలో స్టాండర్డ్, బేసిక్ అని రెండు స్థాయిల పరీక్షలుంటాయి. సీబీఎస్ఈ బడికి పంపిన లేఖలో రాష్ట్ర సిలబస్ గురించి రాస్తే, అది అందరికీ పంపే లేఖ అని వెంటనే తెలిసిపోతుంది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన రెండో పేరా. దీని గురించే కాస్త ఎక్కువ చెప్పాలి.

ఒక వేసవిలో నాకొక లేఖ వచ్చింది. రాసిన అమ్మాయి అప్పుడే బి.ఎడ్. ముగించింది. రెండో ఏడాది ఇంటర్న్‌షిప్‌లో చెప్పిన పాఠాలు తప్ప వేరే అనుభవం లేదు. కానీ ఆ లేఖను పక్కన పెట్టలేకపోయాను. ఆమె రాసిన దాని సారాంశం ఇది. ఏడో తరగతి పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతుంటే చాలామంది 1/2 + 1/3 = 2/5 అని రాసి ఉన్నారు. లవాలను లవాలతో, హారాలను హారాలతో కలిపేశారు. ఆమె వెంటనే కసాగు (కనిష్ఠ సామాన్య గుణిజం) పద్ధతి చెప్పలేదు. 2/5 అరకన్నా పెద్దదా చిన్నదా అని అడిగింది. ఐదులో సగం రెండున్నర కాబట్టి రెండు భాగాలంటే సగంకన్నా తక్కువే అని ఒక పాప చెప్పింది. మరి అరకు ఇంకొంత కలిపితే అరకన్నా తగ్గుతుందా అని ఆమె మళ్లీ అడిగింది. జవాబు ఎక్కడో తప్పిందని పిల్లలకే అర్థమైంది. అప్పుడు ఒక కాగితపు పట్టీని ఆరు సమాన భాగాలుగా మడత పెట్టించింది. అర అంటే మూడు మడతలు, మూడో వంతు అంటే రెండు మడతలు, మొత్తం ఐదు. 5/6 ఎలా వచ్చిందో వాళ్లే చూశారు.

ఇదంతా ఆరేడు వాక్యాల్లో రాసింది. ఆమె పిల్లల పుస్తకాలు శ్రద్ధగా చూస్తుందని, తప్పు ఎక్కడ పుడుతుందో తెలుసుకుంటుందని, కసురుకోకుండా పిల్లలే దాన్ని పట్టుకునేలా చేస్తుందని నాకు ఆ పేరా చూపించింది. ఓర్పు, అంకితభావం అనే మాటలు అందులో ఎక్కడా లేవు. వాటి అవసరమే రాలేదు. ఆమెను పిలిచాం, డెమో క్లాసు చెప్పింది, ఎంపికైంది.

మీకు మూడేళ్ల అనుభవం ఉంది. ఇలాంటివి మీ దగ్గర తప్పకుండా ఉంటాయి. కూర్చుని గుర్తు చేసుకోండి. ఎనిమిదో తరగతిలో (a + b)² అంటే a² + b² అని రాసే పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. ఆ రెండు అక్షరాల స్థానంలో 2, 3 పెట్టి చూడమంటే ఒకవైపు 25, మరోవైపు 13 వస్తుంది. అంతరం 12 ఎక్కడికి పోయిందని అడిగి, చతురస్రం గీయించి రెండు దీర్ఘచతురస్రాలు చూపించిన రోజు మీకూ ఉండి ఉండవచ్చు. లేదా రుణసంఖ్యల గుణకారంతో తిప్పలు పడ్డ ఏడో తరగతి సెక్షన్ గుర్తుకు రావచ్చు. ఏదో ఒకటి ఎంచుకోండి. ఏ తరగతి, పిల్లలకు ఎక్కడ ఇబ్బంది వచ్చింది, మీరేం చేశారు, ఆ తర్వాత ఏం మారింది. ఈ నాలుగూ చెబితే చాలు. కల్పించి మాత్రం రాయవద్దు. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది. నిజంగా చేసినవారు దాని గురించి పావుగంట మాట్లాడగలరు. చేయనివారు రెండో ప్రశ్నకే ఆగిపోతారు.

నూరు శాతం ఫలితాలు సాధించానని చాలామంది రాస్తారు. ఎంతమంది పిల్లలు, ఏ పరీక్ష అన్నది చెప్పగలిగితేనే రాయండి. వెనకబడిన ఐదుగురు పిల్లలు ఏడాది మొదట్లో జరిగే ఎఫ్ఏ-1 పరీక్ష నుంచి తర్వాత వచ్చే ఎస్ఏ-1 పరీక్షకి ఎలా మెరుగుపడ్డారో చెప్పే వాక్యానికి అంతకన్నా ఎక్కువ బలం ఉంటుంది.

మీ నాలుగేళ్ల విరామం గురించి. ఈ విషయం మీద మీ ప్రశ్నలో కనిపించిన సంకోచం నన్ను బాధపెట్టింది. పిల్లల్ని పెంచడం నేరం కాదు, దానికి లేఖలో సంజాయిషీ అక్కర్లేదు. అలాగని దాచవద్దు. తేదీలు చూస్తే తెలిసిపోతుంది, దాచినట్టు కనిపిస్తే అనుమానం పెరుగుతుంది. ఒక్క వాక్యం చాలు: "పిల్లలు చిన్నవాళ్లు కావడంతో నాలుగేళ్లు విరామం తీసుకున్నాను, ఇప్పుడు పూర్తికాలం పనిచేయగలను." దాని వెంటనే, ఈ మధ్య సబ్జెక్టుతో మీకున్న సంబంధం చెప్పండి. ఇంటి దగ్గర పిల్లలకు ట్యూషన్ చెప్పి ఉంటే ఏ తరగతులకో రాయండి. ఏమీ చేయకపోతే ఇప్పుడు మొదలుపెట్టండి. కొత్త పాఠ్యపుస్తకాలు తెచ్చుకుని ఒక నెల చదవండి, అది చేశాక ఆ మాట రాయండి. ఒకప్పుడు తెలంగాణ పదో తరగతి గణితం అంటే రెండు పేపర్లు. 2022 పరీక్షల నుంచి ఒకటే పేపరు. ఇలాంటి మార్పులు మీకు తెలుసని లేఖలో ఒక్కచోట కనిపించినా, విరామం తీసుకున్నవారి మీద ఉండే భయం చాలావరకు పోతుంది.

టెట్ కాలం చెల్లిపోయిందేమోనని లేఖలో ఆ ప్రస్తావనే మానేశానన్నారు. వెంటనే చేర్చండి. ఒకప్పుడు ఆ ధ్రువపత్రానికి ఏడేళ్ల గడువు ఉన్న మాట నిజమే. 2021లో కేంద్రం దాన్ని జీవితకాలానికి మార్చింది, 2011 నుంచి వచ్చిన పత్రాలన్నింటికీ అది వర్తిస్తుంది. మీ 2017 అర్హత చెల్లుతుంది. ఎనిమిదో తరగతి వరకు బోధించేవారికి టెట్ కనీస అర్హతల్లో ఒకటి, కాబట్టి అది మొదటి పేరాలోనే ఉండాలి.

ప్రైవేటు బడుల వారికి మరో దిగులు ఉంటుంది, పైకి అడగరు. డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ల నియామకం) వస్తే ఈ టీచర్ మధ్యలో వెళ్లిపోతారా అని. 2024 అక్టోబరులో తెలంగాణలో డీఎస్సీ నియామక పత్రాలు ఇచ్చినప్పుడు, 2025లో ఆంధ్రప్రదేశ్‌లో 16,347 పోస్టుల మెగా డీఎస్సీ పూర్తయినప్పుడు, విద్యాసంవత్సరం నడుమ టీచర్లు వెళ్లిపోవడం మామూలే. వెళ్లినవారిని తప్పుపట్టలేం, ప్రభుత్వ ఉద్యోగం వాళ్ల ఏళ్ల కష్టానికి ఫలితం. కానీ అర్ధసంవత్సరంలో పదో తరగతి పిల్లలకు టీచర్ మారితే ఎంత నష్టమో నేను దగ్గరగా చూశాను. మీకు డీఎస్సీ ఆలోచన లేకపోతే "ఈ విద్యాసంవత్సరం పూర్తిగా ఉంటాను" అని రాయండి, చాలా విలువైన వాక్యం అది. ఆలోచన ఉంటే ఆ వాక్యం రాయకండి, ఇంటర్వ్యూలో అడిగితే ఉన్నది చెప్పండి. ఒకరు వెళ్లిపోయిన చోట దసరా తర్వాత, సంక్రాంతి తర్వాత కూడా ఖాళీలు వస్తాయి, వేసవిలో పిలుపు రాకపోయినా అప్పుడు మళ్లీ పంపండి.

"దయచేసి అవకాశం ఇవ్వండి", "జీతం ఎంతైనా పర్వాలేదు" అన్న మాటలు తీసేయండి. మీరు దానం అడగడం లేదు. జీతం ఎంతైనా ఫర్వాలేదన్న మాట చదివిన యాజమాన్యం ఆ మాటనే పట్టుకుంటుంది, ఆ తర్వాత పెంచమని అడగడం చాలా కష్టం. జీతం సంగతి డెమో నచ్చిన తర్వాత మాట్లాడుకోవచ్చు. కులం, మతం, తండ్రి వృత్తి, పెళ్లి తేదీ కూడా లేఖలో అక్కర్లేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు అప్పగిస్తానని అసలే రాయవద్దు. చూపించడానికి తీసుకెళ్లండి, జిరాక్సులు ఇచ్చి రండి.

ఇంగ్లీషు మీడియం బడికి లేఖ ఇంగ్లీషులోనే రాయాలి, పైన నమూనా తెలుగులో ఇచ్చింది విషయం స్పష్టంగా అర్థం కావాలని. మీకు పట్టున్న చిన్న చిన్న వాక్యాల్లో రాయండి. ఇంటర్నెట్ నుంచి తెచ్చిన బరువైన ఇంగ్లీషు లేఖలో ఒకలాగా, ఎదురుగా కూర్చున్నప్పుడు మీ మాట ఇంకొకలాగా ఉంటే నమ్మకం పోతుంది. రాశాక ఇంగ్లీషు తెలిసిన ఒకరికి చూపించి తప్పులు దిద్దించండి. టీచర్ లేఖలో అక్షరదోషం మిగతావారి లేఖలోకన్నా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మొత్తం ఒక్క పేజీ దాటకూడదు.

పంపే పద్ధతి కూడా చూడండి. ఈమెయిల్ విషయం దగ్గర "గణితం టీచర్, 6 నుంచి 8 తరగతులు" అని, పక్కన మీ పేరు ఉండాలి. ఫైలుకు కూడా మీ పేరే పెట్టండి. వాట్సాప్‌లో పంపమంటే కాగితాన్ని ఫొటో తీసి పంపకండి, పీడీఎఫ్ చేయండి. బయోడేటాలో ఉన్నా సరే, లేఖ కింద కూడా ఫోను నంబరు రాయండి. ప్రింటు తీసినప్పుడు రెండు కాగితాలు విడిపోతే నచ్చిన లేఖ చేతిలో ఉండి కూడా మేం ఫోను చేయలేకపోయిన సందర్భాలున్నాయి. మూడు నాలుగు రోజులకు జవాబు రాకపోతే సాయంత్రం బడి వదిలాక ఒకసారి ఫోను చేయండి. ఉదయం ప్రార్థన వేళ చేస్తే ఎవరూ మాట్లాడలేరు.

పిలుపు వచ్చినప్పుడు డెమో ఏ తరగతికి, ఏ పాఠం అని అడగండి. మీ ఇష్టం అంటే లేఖలో రాసిన పాఠమే ఎంచుకోండి. కాగితపు పట్టీలు గానీ, గీసిన చతురస్రాలు గానీ వెంట తీసుకెళ్లండి. బల్ల అవతల కూర్చున్నవారు మీ లేఖలో చదివినదాన్నే చూడాలని ఆశగా ఉంటారు.