నాన్నగారి రిపోర్టు, మేనత్త జబ్బు

ప్రశ్న: డాక్టరు గారూ, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాన్నగారికి 67 ఏళ్లు, కొబ్బరితోట చూసుకుంటారు. రాత్రిళ్లు నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తున్నారని చూపిస్తే ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలింది. బయాప్సీ రిపోర్టులో 'ఈఆర్‌జీ పాజిటివ్' అని ఉంది. అది క్రోమోజోమ్‌లో మార్పట. క్రోమోజోములు తండ్రి నుంచి వచ్చేవే కదా, నాకూ తమ్ముడికీ వచ్చేసినట్టేనా? నాకు 42. ఇంట్లో ఇంతకుముందు మా మేనత్త ఒక్కరే 44వ ఏట రొమ్ము క్యాన్సర్‌తో పోయారు.

జవాబు: ఈఆర్‌జీ గురించి బెంగ పెట్టుకోకండి. నేను ఆగిపోయింది మీ ఆఖరి వాక్యం దగ్గర.

మాదీ కాలువ శివారు పొలమే, అందుకే ఈ మార్పు నాకు తూములా కనిపిస్తుంది. 21వ క్రోమోజోమ్ మీద టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 అనే జన్యువుంది. పురుష హార్మోను తగలగానే దాని తూము తెరుచుకుంటుంది. అక్కడికి సుమారు 30 లక్షల డీఎన్‌ఏ అక్షరాల దూరంలో ఈఆర్‌జీ అనే మరో జన్యువు ఉంటుంది. ప్రోస్టేట్ కణాల్లో మామూలుగా దానికి నీరు పారదు. ఈ క్యాన్సర్ వచ్చిన చాలామందిలో మధ్య ముక్క ఊడిపోయి రెండు కొసలూ అతుక్కుంటాయి. ఇక హార్మోను తూము ఎత్తినప్పుడల్లా నీళ్లన్నీ ఈఆర్‌జీ చేలోకే. కణాలు అదుపు తప్పడానికి అదొక ఊతం. మిషిగన్ విశ్వవిద్యాలయంలో అరుళ్ చిన్నయ్యన్ బృందం 2005లో దీన్ని బయటపెట్టింది.

ఈ గండి పడింది నాన్నగారి ప్రోస్టేట్‌లో, పెద్ద వయసులో. మీరు పుట్టాక ఎన్నో ఏళ్లకు. అది మీకు రాదు. జబ్బు తీవ్రతను కూడా ఆ ఒక్క మాట తేల్చదు. గ్లీసన్ స్కోరు (బయాప్సీలో కణాల తీరును బట్టి వేసే మార్కులు), పీఎస్‌ఏ (ప్రోస్టేట్‌కు చేసే రక్తపరీక్ష), స్కాన్లు చూడాలి.

ఇక మేనత్త సంగతి. 13వ క్రోమోజోమ్ మీద బీఆర్‌సీఏ2 అనే జన్యువుంది, తెగిన డీఎన్‌ఏను బాగుచేయడం దాని పని. అందులో పుట్టుకతో లోపముంటే ఆడవాళ్లకు రొమ్ము, అండాశయ క్యాన్సర్లు, మగవాళ్లకు ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చే ముప్పు ఎక్కువ. యాభై దాటకుండానే అక్కకో చెల్లికో రొమ్ము క్యాన్సర్, తర్వాత అన్నదమ్ములకు ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చిందంటే దీన్ని వెతికి తీరాలి. ముందు నాన్నగారి రక్తంతో జన్యు పరీక్ష చేయించండి. లోపం కనబడితే మీ ఒక్కొక్కరికీ సగానికి సగం అవకాశం. అక్కచెల్లెళ్లుంటే వాళ్లనూ మర్చిపోకండి, ఇది వాళ్లకూ రావచ్చు. లోపముండి, జబ్బు పాకితే ఒలాపరిబ్ లాంటి క్యాన్సర్ మందులు నాన్నగారికీ పనికొస్తాయి. మీకు నలభై దాటాయి కాబట్టి ఫలితం ఏదైనా పీఎస్‌ఏ ఒకసారి చూపించుకోండి.

మేనత్త పాత రిపోర్టులు ఇంట్లో ఎక్కడైనా ఉంటే, డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు వాటినీ పట్టుకెళ్లండి.