డువే కవరు దగ్గర మొదలైంది, మూడు రోజులు మాటల్లేవు

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉంటాం. పెళ్లయి నాలుగేళ్లు. ఆయన సాఫ్ట్‌వేర్. నేను కేర్ హోమ్‌లో చేస్తాను, వారానికి మూడు నైట్ డ్యూటీలు. మా ఇంట్లో రెండు వారాలకోసారి, ఆదివారం రాత్రి, డువేకి, అదే ఇక్కడ కప్పుకునే మెత్తటి మందపాటి రజాయికి, ఉతికిన కవరు ఎక్కించే దగ్గర గొడవ. నా ఎత్తు ఐదడుగులు. ఒక మూల దొరికితే ఇంకో మూల జారిపోతుంది, మధ్యలో ఉండ కడుతుంది. పోయిన వారం కవరులోకి దూరి, సగంలో అలాగే కూర్చుండిపోయి ఏడ్చాను. ఆయన గుమ్మంలో నిలబడి, ‘మా అమ్మ ఇంటిల్లిపాదికీ పక్కలు వేసేది, ఏనాడూ ఇంత హంగామా చెయ్యలేదు’ అన్నారు. మూడు రోజులు మాట్లాడుకోలేదు. నవంబరులో అత్తగారు వస్తున్నారు. నేనే గోరంతలు కొండంతలు చేస్తున్నానా?

జవాబు: అమ్మా, ముందు కొలతలు చూద్దాం. ఏడుపు సంగతి తర్వాత.

చేతులు బార్లా చాపితే మన బార ఇంచుమించు మన ఎత్తంతే ఉంటుంది. మీది 150 సెంటీమీటర్ల పైచిలుకు. అక్కడి కింగ్ సైజు డువే వెడల్పు 225. రెండు పై మూలలూ చెరో చేత్తో పట్టుకుని బిగువుగా నిలబెట్టడం మీ వల్ల కాదు. మీ ఆయన ఆరడుగులున్నా ఆయన వల్లా కాదు. కాబట్టి ‘నాకు చేతకాదు’ అన్న మాట ఇవాళే మానెయ్యండి. మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు నేనూ ఆ సంచిలోకి దూరినదాన్నే. ఇన్నేళ్లుగా ఎన్ని కాపురాలు చక్కదిద్దితే ఏం, లోపల ఏ మూల ఎటుందో తెలియలేదు. చివరికి అల్లుడు వచ్చి బయటికి లాగాడు.

ఇంకో పని చెయ్యండి. డువే అంచున కుట్టిన చీటీ, కవరు చీటీ పక్కపక్కన పెట్టి చదవండి. అక్కడ డబుల్ అంటే 200×200, కింగ్ అంటే 225×220. డబుల్ డువేకి కింగ్ కవరు తొడిగితే ఎంత బాగా ఎక్కించినా తెల్లారేసరికి ఒక పక్క ఉత్త గుడ్డ, ఒక పక్క మూట. చాలా ఇళ్లలో అసలు రోగం ఇదే.

ఇక ఎక్కించే పద్ధతి. లంగాకి బొందు ఎక్కించేటప్పుడు మనం బొందుని లోపలికి తొయ్యం కదా, కొసకి పిన్నీసు పెట్టి నడిపిస్తాం. ఇక్కడా తొయ్యడమే తప్పు. కవరుని తిరగేసి, అంటే లోపలి వైపు బయటికి వచ్చేలా, మంచం మీద పరవండి. నోరు కాళ్ల వైపు ఉండాలి. దాని మీద డువే పరిచి నాలుగు మూలలూ సరిపెట్టండి. ఇప్పుడు తల వైపు నుంచి రెండింటినీ కలిపి చాప చుట్టినట్టు కాళ్ల వైపు దాకా చుట్టుకుంటూ రండి. బిగించక్కర్లేదు. చివర కవరు నోరు తెరిచి, చుట్ట రెండు కొసల్నీ ఒకదాని తర్వాత ఒకటి అందులోకి దూర్చి, నోటి అంచుని చుట్ట మీదుగా అవతలికి తిప్పండి. అక్కడ రెండు బొత్తాలు పెట్టి, చుట్టని తల వైపుకి విప్పుకుంటూ వెళ్లండి. మొదటిసారి ‘ఇదేదో మోసంలా ఉందే’ అనిపిస్తుంది. కవరు దానంతటదే సరైన వైపుకి తిరిగి, డువే లోపలుంటుంది. చేతులు చాపే పని లేదు, దులిపే పని లేదు. ఒక్కరే చేసుకోవచ్చు.

మూలలు మళ్లీ జారకుండా కవరు లోపలి మూలల్లో జానెడు నాడాలు కుట్టుకుని, డువే మూలలకి చిన్న ఉంగరాల్లా గుడ్డ కుట్టి, చుట్టే ముందే కట్టెయ్యండి. ఈకల డువే అయితే అంచు కుట్టు మీదే సూది దించండి. మధ్యలో గుచ్చితే ఆ కన్నంలోంచి ఈకలు రాలుతూనే ఉంటాయి. పిన్నీసులు మాత్రం వద్దు. నిద్రలో ఊడితే ఎవరికో ఒకరికి గుచ్చుకుంటుంది, గుచ్చుకున్నది ఆయనకైతే మీరు కావాలనే పెట్టారంటారు.

ఇంకా సుఖమైన దారి, ఇద్దరికీ చెరొక సింగిల్ డువే. జర్మనీలో, స్వీడన్‌లో మొగుడూ పెళ్లాలు ఒకే మంచం మీద చెరొకటి కప్పుకుంటారు. సింగిల్ వెడల్పు 135, అంటే మీ బారకి లోబడినదే. ‘ఆలుమగలకి వేరు దుప్పట్లేమిటి’ అని పెద్దవాళ్లు అనొచ్చు. అననివ్వండి. మీరు నైట్ డ్యూటీ నుంచి వచ్చి పడుకునే వేళకి ఆయన లేస్తారు, ఒకే డువే కోసం లాగులాట ఎందుకు?

మీ అత్తగారి సంగతికి వద్దాం. ఆవిడ పక్కలు వేసిన మాట నిజమే అయ్యుంటుంది. కానీ వేసింది ఏమిటి? పాత చీరలు పొరలుగా పరిచి కుట్టిన బొంతలు, దుప్పట్లు. బొంతకి గలీబు ఉండదు, దిండుకే ఉంటుంది. దిండు గలీబు తొడగడానికీ రెండు మీటర్ల సంచిలో మెత్తటి కొండని నింపడానికీ పోలికేమిటి? అక్కడ తెల్లవాళ్లకీ ఇది తాతలనాటి అలవాటు కాదు. లండన్‌లో 1964లో టెరెన్స్ కాన్రన్ అనే డిజైనర్ తెరిచిన హాబిటాట్ అనే ఇంటి సామాన్ల షాపు, పది సెకన్లలో పక్క సర్దుకోవచ్చంటూ డువేలను అలవాటు చేసింది. ఆ పది సెకన్లలో కవరు మార్చే టైము కలపలేదు, అంతే.

మిమ్మల్ని ఏడిపించింది కవరు కాదని మీకూ తెలుసు. ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. రెండో కొస పట్టుకోవలసిన మనిషి చేతులు కట్టుకుని తల్లితో పోల్చాడు. దానికి మనసు కష్టపెట్టుకోవడం గోరంతని కొండంత చెయ్యడం కాదు. అయితే మూడు రోజుల మౌనంలో ఆయనకి ఏం అర్థమై ఉంటుంది? కవరు గురించే అలిగారనుకుని ఉంటారు. కాబట్టి నోరు విప్పి చెప్పండి, అదీ మంచం దగ్గర కాదు, అన్నాలయ్యాక. ‘ఏవండీ, ఆ రోజు మీరు అత్తయ్యతో పోల్చినందుకు బాధపడ్డాను. ఈసారి అవతలి కొస పట్టుకోండి చాలు’ అనండి. ఇంతకు మించి ఒక్క ముక్క వద్దు. పాత లెక్కలు తీశారా, ఆయనా తీస్తారు.

టైము కూడా మార్చండి. మీరు డ్యూటీలు చేసి అలిసిపోయి, ఆయనకి తెల్లారితే సోమవారం, ఆపైన సగం ఆరిన కవరు. రాత్రి పదింటికి ఎవరికైనా నోరు జారుతుంది. శనివారం ఉతకండి, ఆదివారం పొద్దున టిఫిన్ అయ్యాక ఎక్కించండి. వీలైతే రెండో కవరు ఒకటి కొనుక్కుంటే ఆరే దాకా ఎదురుచూడక్కర్లేదు.

అత్తగారు వచ్చాక ఆవిడ గదిలో సింగిల్ డువే వెయ్యండి. దానికి కవరు మీ ఆయన చేత, ఆవిడ చూస్తుండగా ఎక్కించండి. మీరు పక్కన నిలబడి మూలలు సరిచెయ్యండి, నోరు మాత్రం మెదపకండి. నవంబరు లోపు ఆయనకి రెండు మూడు ఆదివారాలు ప్రాక్టీసు ఇప్పించండి.