తింటున్నా చిక్కిపోయే పెట్టని రాత్రిపూట చూడండి

పెరట్లో తిరిగే నాటుకోడి పెట్ట మేత బాగానే తింటోంది, అయినా రోజురోజుకీ చిక్కిపోతోంది, కారణం ఎలా కనిపెట్టాలి అని అడిగారు. అప్పుడే నలుగురు వచ్చి "కడుపులో పురుగులు, మాత్ర వేసేయండి" అని చెప్పేశారు. మనిషికి జ్వరమొస్తే పారాసెటమాల్, కోడి చిక్కితే పురుగుల మాత్ర. కోడిని పట్టుకుని చూడమని మాత్రం ఒక్కరూ చెప్పరు.

ముందు చేత్తో పట్టుకోండి. ఈకల్లో ఏ కోడైనా బొద్దుగానే కనిపిస్తుంది. మాది ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడి. కొండల మీంచి సంతకి దిగే సవర ఆడవాళ్ళ దగ్గర తెలిసినవాళ్ళు కోడిని ఎలా బేరం చేస్తారో చూస్తే మీకే అర్థమవుతుంది. రొమ్ము కింద చెయ్యి పెట్టి మధ్య ఎముకని తడుముతారు. దానికి రెండు వైపులా కండ నిండుగా తగలాలి. ఎముక పదునుగా చేతికి గుచ్చుకుంటే ఎంత మెరిసే పెట్టనైనా వదిలేసి ముందుకు పోతారు.

ఆ తర్వాత మెడ అడుగున ఉండే మేత సంచి. సాయంత్రం గూటికి చేరే వేళకి అది నిండుగా ఉండాలి, పొద్దున్న మేత వెయ్యకముందు ఖాళీగా ఉండాలి. సాయంత్రమే ఖాళీగా ఉందంటే దానికి తిండి అందట్లేదు, బలమైనవి పొడిచి తరిమేస్తున్నాయి. దూరంగా పీట వేసుకుని కాసేపు కూర్చుంటే అది కళ్ళకే కనబడుతుంది. వేరే మూల విడిగా మేత వేస్తే సరి. పొద్దున్నకి కూడా సంచి గట్టిగా ఉంటే గడ్డో దారమో అడ్డం పడినట్టు. మెత్తగా ఉండి నోట్లోంచి పుల్లటి వాసన వస్తే మేత లోపలే పులిసిపోతోంది. ఈ రెండూ డాక్టరు చూడాల్సినవే.

ఇక మా చుక్కల పెట్ట సంగతి. సంక్రాంతి వెళ్ళాక గుడ్ల మీద కూర్చుంది. పొదిగే పెట్ట ఎలాగూ చిక్కుతుంది. ఆ 21 రోజులూ ఎప్పుడో దిగి నాలుగు గింజలు ఏరుకుని మళ్ళీ ఎక్కేస్తుంది, అది రోగం కాదు. పిల్లలు దిగాక కండ పట్టాలి. ఇది పట్టలేదు. నూకలు, చోళ్ళు, తవుడు ముద్ద, ఏది పెట్టినా తినేస్తోంది. సాయంత్రం మేత సంచి నిండుగానే ఉంటోంది, పొద్దున్నకి ఖాళీ అవుతోంది. జుట్టు మాత్రం ఎరుపు పోయి పాలిపోయింది. పైగా చీకటి పడుతున్నా గూట్లోకి వెళ్ళకుండా మొండికేసి, పిల్లల్ని వెంటేసుకుని జామచెట్టు కిందే తిరిగేది.

"ఓలమ్మా, ఎవలి కళ్ళు పడ్డాయో, దిష్టి తీసి పడేయే" అన్నారు అత్తగారు. పక్కింటి పెద్దమ్మ పసుపూ వెల్లుల్లీ నూరి ముద్దలు చేసి తెచ్చింది. మా ఆయన కోసేద్దామన్నారు. ఆయన దగ్గర అన్ని రోగాలకీ ఆ ఒక్క మందే. నేను రెట్టని చిన్న డబ్బాలో వేసుకుని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు సూక్ష్మదర్శినిలో చూసి పురుగుల గుడ్లేమీ లేవన్నారు. ఈ పరీక్ష ఎవరూ చేయించరెందుకో నాకు అర్థం కాదు. ఏలికపాములుంటే వాటి గుడ్లు చాలావరకు అక్కడే దొరికిపోతాయి, బద్దెపురుగైతే రెట్టలో బియ్యపు గింజంత తెల్లటి ముక్కలు కంటికే కనిపిస్తాయి. మాత్ర వేశాక గుడ్లు ఎన్నాళ్ళు తినకూడదో కూడా అక్కడే చెబుతారు.

మరి తింటోంది, అరుగుతోంది, కడుపులో ఏమీ లేదు. జుట్టు పాలిపోయిందంటే రక్తం తగ్గుతున్నట్టే, ఆ రక్తం పోతున్నది ఎక్కడికి? గూడంటే భయపడే కోడికి గూట్లోనే ఏదో ఉందని నాకు అప్పుడే తట్టింది. అందరూ పడుకున్నాక మా ఆయన్ని లేపి చేతికి టార్చి ఇచ్చాను. పాత తెల్ల పంచె ముక్క ఒకటి పట్టుకుని, కోళ్ళు ఎక్కి కూర్చునే వెదురు కర్రని అడుగువైపు తుడిచాను. గుడ్డ మీద ఎర్రటి చారలు! కర్ర మీదా, గంప అల్లికలోనూ ఆవగింజకన్నా చిన్న పురుగులు, టార్చి వెలుగు పడగానే సందుల్లోకి పరుగు. చుక్కల పెట్టని పైకెత్తి చూస్తే దాని కాళ్ళ మీదికి పాకుతున్నాయి. నిద్రమత్తులో ఉన్న మా ఆయన అప్పుడు "అమ్మబాబోయ్" అని టార్చి పడేశారు. ఆ రాత్రంతా ఇద్దరం ఒళ్ళు గోక్కుంటూనే ఉన్నాం.

ఇవి పేలు కావు, ఇంగ్లీషులో రెడ్ మైట్ అంటారు. పేలైతే కోడి ఒంటి మీదే కాపురం ఉంటాయి, ముడ్డి దగ్గర ఈకలు విడదీస్తే పగలే దొరుకుతాయి. ఇవి పగలు సందుల్లో దాక్కుని, రాత్రి వచ్చి రక్తం తాగి వెళ్ళిపోతాయి. ఆకలి మీద బూడిద రంగులో ఉంటాయి, తాగాక ఎర్రబడతాయి. గుడ్లమీద కూర్చున్న పెట్ట కదలకుండా ఒకేచోట ఉంటుంది కాబట్టి దాన్నే ఎక్కువ పీలుస్తాయి. చిక్కిన కోళ్ళలో సగానికి సగం వీటి వల్లేనని నా గట్టి నమ్మకం. పగలు చూసి పురుగుల్లేవు అనేవాళ్ళతో నేను వాదించను.

ఇదంతా తెలుగులో చెప్పేవాళ్ళు మాకెవరున్నారు? 1936లో పర్లాకిమిడి ఒడిశాలో చేరింది, పక్కనే ఉన్న పాతపట్నం ఆంధ్ర వైపే ఉండిపోయింది. నేను ఒడియా మాట్లాడతాను గానీ మందు డబ్బా మీద చదవలేను. ఫోన్లో తెలుగు వీడియోలు పెడితే వేల కోళ్ళ షెడ్డు, లక్షల లాభం తప్ప వేరే మాట ఉండదు. భీమవరం వైపు మా చుట్టాలింటికి వెళ్తే పందెం పుంజుకి బాదంపప్పు, నూనె పెట్టి ఒళ్ళు మర్దనాలు. ఇంటికి గుడ్డు పెట్టే పెట్ట ఏ మూల ముడుచుకు కూర్చుందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

మేమేం చేశామంటే, గంపలో గడ్డి తీసి కాల్చేశాం. గంపనీ కర్రల్నీ సలసల కాగే నీళ్ళతో తడిపి, ఎండలో పడేశాం. డాక్టరు రాసిన మందు గూటి సందుల్లో కొట్టాం, వారం తర్వాత మళ్ళీ కొట్టాం. రెండోసారి మానేస్తే మొదటిది దండగ, గుడ్లు పగిలి కొత్తవి వస్తాయి. కర్ర రెండు కొసలకీ వేపనూనె రాశాం. పెరట్లో గొయ్యి తీసి కట్టెల బూడిద పోస్తే కోళ్ళే అందులో పొర్లాడుకున్నాయి. చుక్కల పెట్టకి జుట్టు మళ్ళీ ఎర్రబడింది, రొమ్ము మీద కండ పట్టింది. ఇప్పుడు పొడిచి తరిమేది అదే.

మీ గూట్లో ఇవేవీ లేవనుకోండి, కోడి అయినా చిక్కుతూనే ఉందనుకోండి, ఒక కాలు ముందుకీ ఒకటి వెనక్కీ చాపి పడిపోతోందా, కడుపు నీరు పట్టినట్టు ఉందా చూసి వెంటనే తీసుకెళ్ళండి. క్షయ లాంటి జబ్బులు కూడా మెల్లగానే కరిగిస్తాయి, వాటికి ఇంటి వైద్యం లేదు. కొక్కెర తెగులు (రాణిఖేత్) అయితే ఇంత నెమ్మదిగా చిక్కే సమయం ఇవ్వదు, మెడ తిప్పేసి రోజుల్లోనే తీసుకుపోతుంది, దానికి ముందే టీకా వేయించుకోవాలి.

ఇంకోటి, ఎవరైనా పాత కోడిగంప ఊరికే ఇస్తానంటే వద్దనండి. కోళ్ళు లేకపోయినా ఈ పురుగులు నెలల తరబడి అందులో బతికే ఉంటాయి. మాకు ఎక్కణ్ణుంచి వచ్చాయో నాకు బాగా తెలుసు. పసుపు ముద్దలు తెచ్చిన పెద్దమ్మే ఆ గంప ఇచ్చింది. ఆ మాట ఆవిడతో అంటే ఊరుకుంటుందా!