టెక్ సందేహాలు: బోర్డు మీదే, మరి దాన్ని తెరిచే తాళం ఎవరిది?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల ఊసు తక్కువగానూ, సర్క్యూట్ బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్ గురించిన ప్రశ్నలు ఎక్కువగానూ ఉన్నాయి. రొయ్యల చెరువుల దగ్గర ఫోన్ కాల్‌తో మోటారును నడిపే మొబైల్ స్టార్టర్ల నుంచి గ్రానైట్ కోత యంత్రాల కంట్రోల్ ప్యానెళ్ల వరకు మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోనూ చిన్న చిన్న షెడ్లలో సొంతంగా బోర్డులు తయారు చేయించుకుంటున్నవారు ఉన్నారు. ఈసారి శీర్షికను వారి కోసమే కేటాయిస్తున్నాను.

ఇందుకూరుపేట నుంచి ఒక పాఠకుడు: ఏడేళ్లుగా చెరువు నీటిలో గాలి కలిపే ఏరియేటర్లకు మొబైల్ స్టార్టర్లు తయారు చేసి అమ్ముతున్నాం. మా బోర్డులన్నీ ఈగిల్‌లో గీసినవే. 2026 జూన్ తర్వాత ఈగిల్ ఉండదని అంటున్నారు. నిజమేనా? మా పాత డిజైన్ల గతి ఏమిటి?

నిజమే. ఈగిల్‌ను 1988లో జర్మనీకి చెందిన క్యాడ్‌సాఫ్ట్ సంస్థ తెచ్చింది. 2016లో ఆటోడెస్క్ దాన్ని కొనుగోలు చేసి, మరుసటి ఏడాది నుంచే ఒకసారి కొని ఎప్పటికీ వాడుకునే లైసెన్సును ఎత్తివేసి, చందా పద్ధతికి మార్చింది. 2026 జూన్ 7 తర్వాత ఈగిల్ అమ్మకం గానీ, దానికి మద్దతు గానీ ఉండవని 2023లోనే ప్రకటించి, వాడుకదారులను తన మరో డిజైన్ సాఫ్ట్‌వేర్ ఫ్యూజన్ వైపు మళ్లమంది. 2017కు ముందు 7వ వెర్షన్‌ను సొంతంగా కొనుక్కున్నవారి సాఫ్ట్‌వేర్ వారి కంప్యూటర్‌లో ఇప్పటికీ నడుస్తుంది. మీరు మొదలుపెట్టి ఏడేళ్లే అయిందంటే మీది చందా లైసెన్సే అయి ఉండాలి. అంటే ఇన్నాళ్లూ మీరు కట్టింది అద్దె. ఇల్లు ఖాళీ చేయమన్నప్పుడు సామాను మీదే గానీ, తలుపు తాళం మీది కాదు.

సంతోషించదగిన విషయం ఒకటుంది. 6వ వెర్షన్ నుంచి ఈగిల్ ఫైళ్లు ఎక్స్‌ఎంఎల్ పద్ధతిలో, అంటే మామూలు అక్షరాల రూపంలోనే ఉంటున్నాయి. అందువల్ల ఇతర సాఫ్ట్‌వేర్లు వాటిని చదవగలవు. ఉచితంగా లభించే కీక్యాడ్ సాఫ్ట్‌వేర్ ఈగిల్ స్కీమాటిక్‌నూ (సర్క్యూట్ పటాన్నీ) బోర్డునూ కలిపి ఒకేసారి దిగుమతి చేసుకుంటుంది. అయితే దిగుమతి అయిన బోర్డును నేరుగా ఫ్యాక్టరీకి పంపవద్దు. రాగి పరిచిన ప్రాంతాల అంచులు, అక్షరాల పరిమాణం, ట్రాకుల (రాగి గీతల) మధ్య దూరానికి మీరు పెట్టుకున్న నియమాలు ఈ మార్పిడిలో తేడా పడే అవకాశం ఎక్కువ. ఈగిల్ తెరుచుకుంటున్నప్పుడే ప్రతి బోర్డుకూ గెర్బర్ ఫైళ్లు (ఫ్యాక్టరీ బోర్డు తయారీకి వాడే పొరల బొమ్మలు), డ్రిల్ ఫైలు, విడిభాగాల జాబితా, స్కీమాటిక్ పీడీఎఫ్ తీసి భద్రపరచుకోండి. తర్వాత కీక్యాడ్‌లో మళ్లీ గెర్బర్ తీసి, పాత గెర్బర్ మీద కొత్తదాన్ని గెర్బర్ వ్యూయర్‌లో పొరలుగా వేసి, రెండు రంగుల్లో చూడండి. ఎక్కడ తేడా ఉంటే అక్కడ ఒక రంగు బయటికి పొడుచుకు వస్తుంది. ఒక బోర్డుకు పావుగంట పట్టే ఈ పని బద్ధకించినందుకు ఒకసారి నాకు 50 బోర్డులు చెత్తబుట్టలో వేయాల్సి వచ్చింది. కనెక్టర్ రంధ్రాలు పిన్నుల కంటే సన్నబడ్డాయని బోర్డులు చేతికొచ్చాక గానీ తెలియలేదు.

ఫ్యూజన్‌కే వెళ్లాలనుకుంటే ఈగిల్ ఫైళ్లు అందులో నేరుగా తెరుచుకుంటాయి, చేతికి అలవాటైన ఆదేశాలు కూడా చాలావరకు అలాగే ఉంటాయి. అందులోని ఉచిత రకం వ్యక్తిగత వాడకానికే తప్ప వ్యాపారానికి కాదన్న సంగతి మాత్రం గుర్తుంచుకోండి. ఎలాగూ డిజైన్ తెరుస్తున్నారు కాబట్టి ఇంకో మాట. మీ బోర్డు మీద ఫోన్ సిగ్నల్ అందుకునే భాగం 2జీ మాడ్యూల్ అయితే దానిలో జియో సిమ్ పనిచేయదు, ఎందుకంటే ఆ సంస్థకు 2జీ నెట్‌వర్కే లేదు. 4జీ మాడ్యూల్‌కు చోటు, పిన్నుల అమరిక వేరుగా ఉంటాయి. సాఫ్ట్‌వేర్ మార్చే పని, మాడ్యూల్ మార్చే పని ఒకే విడతలో చేసుకుంటే ఒకసారి నమూనా బోర్డుల ఖర్చు మిగులుతుంది.

ఒంగోలు నుంచి మరో పాఠకుడు: నలుగురం కలిసి చీమకుర్తి గ్రానైట్ యంత్రాలకు, పొగాకు బ్యారన్లకు కంట్రోల్ ప్యానెళ్లు చేస్తున్నాం. ఆల్టియం సాఫ్ట్‌వేర్ కొనమని ఒకరు, ఉచితమైనదే చాలని మరొకరు చెబుతున్నారు. ఇప్పటిదాకా మేము వాడుతున్నది అసలు కాపీ కాదు. అసలు ఈ మార్కెట్ ఎటు పోతోంది?

మీది అసలు కాపీ కాదన్న మాటకు ముందు జవాబు చెప్పాలి. లైసెన్సు లేని కాపీ అని తెలిసీ వాడడం కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షన్ కింద నేరం. ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చని చట్టం చెబుతోంది. ఈ సాఫ్ట్‌వేర్లు ఇంటర్నెట్ తగలగానే తాము ఏ కంప్యూటర్‌లో ఉన్నామో తయారీ సంస్థకు తెలియజేయగలవు. నోటీసు చేతికొచ్చాక లైసెన్సు కొంటామని పరుగెత్తడం చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అవుతుంది. దాన్ని ఇవాళే తీసేయండి.

ఇక మార్కెట్ సంగతి. పదేళ్లుగా స్పష్టంగా కనిపిస్తున్నది ఏమిటంటే, బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్ సంస్థలు ఒక్కొక్కటిగా పెద్ద సంస్థల చేతుల్లోకి వెళ్తున్నాయి. ఆర్‌క్యాడ్ 1999లోనే క్యాడెన్స్ చేతికి వెళ్లింది. ప్యాడ్స్ తయారు చేసే మెంటర్ గ్రాఫిక్స్‌ను 2017లో సీమెన్స్ తీసుకుంది. ఆస్ట్రేలియాలో 1985లో ప్రొటెల్ పేరుతో మొదలైన ఆల్టియంను జపాన్ చిప్‌ల సంస్థ రెనెసాస్ 910 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకు కొని, 2024 ఆగస్టులో తనలో కలుపుకొంది. చిప్‌లు అమ్మేవాడికి బోర్డు గీసే సాఫ్ట్‌వేర్ ఎందుకని మీకు అనిపించవచ్చు. ఏ చిప్ వాడాలన్నది ఇంజినీరు స్కీమాటిక్ గీసే గంటలోనే దాదాపు ఖాయమైపోతుంది. ఆ గంటలో అతని తెర మీద ఎవరుంటే వారి సరుకుకు అంత మేలు. విడిభాగాల ధరలు, నిల్వలు వెతికిపెట్టే ఆక్టోపార్ట్ కూడా 2015 నుంచి ఆల్టియం చేతిలోనే ఉంది. ఒకప్పుడు మనవాళ్లు పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌లో దిగి, దుకాణంలో ఏ భాగం దొరికితే దాన్నిబట్టి బోర్డు మార్చుకునేవారు. ఇప్పుడు ఆ దుకాణమే స్కీమాటిక్ లోపలికి వచ్చి కూర్చుంది.

చైనాలో ఇదే వ్యాపారం ఇంకో వైపు నుంచి నడుస్తోంది. అక్కడి బోర్డు తయారీ సంస్థ జేఎల్‌సీపీసీబీకి అనుబంధమైన ఈజీఈడీఏ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, కాణీ ఖర్చు లేదు. గీసిన బోర్డును ఒక్క మీటతో ఆర్డరు పెట్టవచ్చు. విడిభాగాల లైబ్రరీ కూడా వారి గిడ్డంగిలో ఉన్న సరుకుకే ముడిపడి ఉంటుంది. నమూనా బోర్డులకు ఇంతకంటే సుఖమైన మార్గం లేదు గానీ, రేపు అదే బోర్డును మన దేశంలో చేయించాలనుకుంటే విడిభాగాల జాబితాను మొదటి నుంచి చివరి దాకా సరిచూసుకోక తప్పదు.

రెండో ధోరణి అద్దె. ఒకేసారి డబ్బు కట్టి సొంతం చేసుకునే లైసెన్సులు తగ్గిపోతున్నాయి. ఏటేటా కట్టే చందా డాలర్లలో ఉంటే రూపాయి విలువ పడినప్పుడల్లా మీ ఖర్చు పెరుగుతుంది. విదేశీ సంస్థ నుంచి ఆన్‌లైన్‌లో కొంటే జీఎస్టీ నమోదు ఉన్న మీరే రివర్స్ చార్జి కింద 18 శాతం పన్ను కట్టి, తర్వాత క్రెడిట్ తీసుకోవాలి. ధర అడిగేటప్పుడు డీలరు ఈ లెక్క చెప్పకపోవచ్చు. దీనికి తోడు సాఫ్ట్‌వేర్ ఇప్పుడు దేశాల మధ్య తగవుల్లోకి కూడా వచ్చింది. చిప్‌ల డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను చైనాకు అమ్మకుండా 2025 మే నెలాఖరులో అమెరికా ఆంక్షలు పెట్టి, జులై మొదట్లో ఎత్తివేసింది. అది మన బోర్డులకు నేరుగా తగిలే విషయం కాదు గానీ, అద్దె సాఫ్ట్‌వేర్ తాళం ఎంత దూరాన ఉంటుందో చెప్పడానికి చాలు.

ఈ ప్రవాహానికి ఎదురుగా నిలబడింది కీక్యాడ్. 1992లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో జాన్ పియర్ షరా అనే అధ్యాపకుడు దీన్ని మొదలుపెట్టాడు. తర్వాత యూరప్ అణు పరిశోధన సంస్థ సెర్న్ ఇంజినీర్లు చేయి వేయడంతో రూపురేఖలు మారిపోయాయి. 2023, 2024, 2025 ఫిబ్రవరుల్లో వరుసగా 7, 8, 9 వెర్షన్లు వచ్చాయి. వ్యాపారానికి వాడుకోవడానికి కూడా పైసా కట్టనక్కర్లేదు. ఐదేళ్ల కిందట దీన్ని విద్యార్థుల సరుకని నేనే అన్నాను. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నాలుగు పొరల బోర్డు వరకు మీలాంటి సంస్థకు ఇందులో లేనిదేమీ నాకు కనిపించడం లేదు.

అలాగని ఆల్టియం దండగ అని అనడం లేదు. ఎలక్ట్రానిక్ విడిభాగాల తయారీకి కేంద్రం 2025 మార్చిలో 22,919 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. శ్రీసిటీ వైపు ఉన్న పెద్ద సంస్థలకు మీరు డిజైన్ పని చేసిపెట్టాలనుకుంటే, వారు తమ సాఫ్ట్‌వేర్ ఫైలే కావాలని అడగవచ్చు. కీక్యాడ్ ఆల్టియం ఫైళ్లను చదువుతుంది గానీ ఆల్టియం ఫైలుగా రాసి ఇవ్వలేదు. కాబట్టి గడిచిన ఏడాది మీ ఇన్వాయిస్‌లు తీసి, అసలు ఫైలే కావాలని ఎందరు అడిగారో లెక్కపెట్టండి. ఒక్కరూ లేకపోతే కీక్యాడ్‌తో సాగిపోండి. ఇద్దరు ముగ్గురు ఉంటే నలుగురికీ కాకుండా ఒకే ఒక్క లైసెన్సు తీసుకుని, ఆ పని మాత్రమే దానిలో చేసి, మీ సొంత ప్యానెళ్ల డిజైన్లను దానిలోకి చేర్చకుండా ఉంచండి.

కావలి నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని: బోర్డు గీసే పని ఏఐ చేసేస్తుందంటున్నారు. నేను ఇది నేర్చుకోవడం వృథా అవుతుందా?

కాదు. క్యాడెన్స్ తన అలెగ్రోలో, ఫ్లక్స్, క్విల్టర్ వంటి కొత్త సంస్థలు తమ సాఫ్ట్‌వేర్లలో భాగాల అమరికనూ రూటింగ్‌నూ (రాగి దారులు గీసే పనినీ) ఏఐకి అప్పగించే ప్రయత్నంలో ఉన్నాయి. అయినా ఏ తీగలో ఎంత కరెంటు పారుతుందో, పక్కన మోటారు కరెంటును కలిపి విడదీసే కాంటాక్టర్ కొట్టుకుంటే ఏమవుతుందో దానికి చెప్పాల్సింది మనిషే. ఐఐటీ బాంబే ఉచితంగా ఇస్తున్న ఈసిమ్‌తో మొదలుపెట్టండి. అందులో కీక్యాడ్ కూడా కలిసే ఉంటుంది. సర్క్యూట్‌ను కంప్యూటర్ మీదే నడిపించి చూడడం, బోర్డు గీయడం రెండూ ఒకేచోట అలవాటవుతాయి.

అల్లూరు నుంచి ఒక పాఠకుడు: కొత్తగా చేయించిన 2జీ స్టార్టర్ బోర్డులో ఫోన్ కాల్ రాగానే మాడ్యూల్ ఆగిపోయి మళ్లీ మొదలవుతోంది. మీటరు పెడితే వోల్టేజి 3.8 సరిగ్గానే ఉంది. ఖరీదైన సాఫ్ట్‌వేర్ వాడి ఉంటే ఈ తప్పు దొరికేదా?

మీరు పంపిన గెర్బర్ ఫైళ్లను తెరచి చూశాను. వోల్టేజిని స్థిరంగా ఉంచే రెగ్యులేటర్ నుంచి మాడ్యూల్ దాకా వెళ్లే విద్యుత్ ట్రాకు వెడల్పు 0.25 మిల్లీమీటర్లు, పొడవు సుమారు 60 మిల్లీమీటర్లు ఉంది. గ్రౌండ్ కూడా అంతే సన్నని దారిలో చుట్టుతిరిగి వెనక్కి వస్తోంది. మామూలు 35 మైక్రాన్ల రాగి మీద ఇలాంటి ట్రాకుకు దాదాపు 0.12 ఓమ్ నిరోధం ఉంటుంది. 2జీ మాడ్యూల్ టవర్‌కు సంకేతం పంపే ప్రతిసారీ 577 మైక్రోసెకన్లపాటు, అంటే సెకనులో పది లక్షల వంతుల్లో 577 వంతులు మాత్రమే, 2 ఆంపియర్ల వరకు లాగుతుంది. ఆ క్షణంలో వెళ్లే దారిలో 0.24, వచ్చే దారిలో 0.24 వోల్టులు పోయి, మాడ్యూల్‌కు 3.3 వోల్టులే మిగులుతాయి. సిమ్800 రకం మాడ్యూల్‌కు కనీసం 3.4 కావాలి. ఇంత కొద్దిసేపు జరిగే పతనాన్ని మల్టీమీటర్ పట్టుకోలేదు. అది సగటునే చూపిస్తుంది. వోల్టేజి మార్పులను తెర మీద గీసి చూపే ఆసిలోస్కోపు పెడితే గుంతలు వరుసగా కనిపిస్తాయి.

ఖరీదైన సాఫ్ట్‌వేర్లలో బోర్డు మీద వోల్టేజి ఎక్కడెక్కడ పడిపోతుందో రంగుల్లో చూపే విశ్లేషణ ఉంటుంది. చాలాచోట్ల దానికి విడిగా డబ్బు కట్టాలి. కట్టినా, ఆ మాడ్యూల్ 2 ఆంపియర్లు లాగుతుందని మీరు అందులో నింపకపోతే బోర్డంతా పచ్చగానే చూపిస్తుంది. గీసిన బోర్డు నియమాల ప్రకారం ఉందో లేదో సాఫ్ట్‌వేర్ చేసే తనిఖీ, అంటే డీఆర్‌సీ సంగతీ అంతే. డీఫాల్ట్ నియమం ప్రకారం 0.25 మిల్లీమీటర్ల ట్రాకు తప్పు కాదు కాబట్టి అది నోరు మెదపలేదు. కీక్యాడ్‌లోనే ఉన్న కాలిక్యులేటర్‌లో ట్రాకు వెడల్పు పేజీ తెరచి, 2 ఆంపియర్లు, 60 మిల్లీమీటర్లు అని ఇస్తే ఎంత వోల్టేజి పోతుందో అదే చెబుతుంది. తర్వాత ఆ తీగకు విడిగా ఒక నెట్ క్లాసు (ప్రత్యేక నియమాల గుంపు) పెట్టి కనీస వెడల్పు 2 మిల్లీమీటర్లని రాసిపెట్టండి. ఇక ఎవరు గీసినా సన్నగా గీస్తే డీఆర్‌సీ ఒప్పుకోదు. ఆ వెడల్పులో పోయే వోల్టేజి 0.03కు దిగుతుంది. కింది పొరంతా గ్రౌండ్‌గా పరిచేయండి.

చేతిలో ఉన్న బోర్డులను పారేయనక్కర్లేదు. మాడ్యూల్ విద్యుత్ పిన్నుల పక్కనే 1000 మైక్రోఫారడ్ల తక్కువ ఈఎస్‌ఆర్ (లోపలి నిరోధం) ఉన్న కెపాసిటర్ ఒకటి వేసి, సన్నని ట్రాకు మీదుగా, గ్రౌండ్ దారి మీదుగా లావుపాటి రాగి తీగను టంకం వేయండి. ముందు రెండు బోర్డులకు చేసి, చెరువు గట్టు మీద సిగ్నల్ తక్కువగా ఉండే చోట పెట్టి చూడండి. సిగ్నల్ తగ్గేకొద్దీ మాడ్యూల్ ఎక్కువ శక్తితో అరుస్తుంది కాబట్టి అక్కడ నిలబడితే మిగతా చోట్ల నిలబడుతుంది.