డెంటల్ ల్యాబు ఉద్యోగం: గిరాకీ ఎక్కడ, శిక్షణ ఎక్కడ?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. బంగారు పని చేస్తాను. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తిచేసింది. నీట్‌లో బీడీఎస్ సీటు వచ్చేంత ర్యాంకు రాలేదు. బొమ్మలు బాగా వేస్తుంది, ఓపికగా కూర్చుని చేసే పనులంటే ఇష్టం. డెంటల్ ల్యాబు టెక్నీషియన్లకు గిరాకీ విపరీతంగా ఉందని, తమ దగ్గర ఏడాది కోర్సు చేస్తే ఉద్యోగం ఖాయమని ఒక ప్రైవేటు సంస్థవారు చెబుతున్నారు. ఫీజు లక్షన్నర. మా సీమలో ఈ ఉద్యోగాలు ఉంటాయా? విదేశాలకు కూడా పనికొస్తుందంటున్నారు, నిజమేనా?

జవాబు: గిరాకీ ఉందన్న మాట అబద్ధమేమీ కాదు. ఎవరికి, ఏ ఊళ్లో, ఎంత జీతానికి అన్నది మాత్రం ఆ సంస్థవారు మీకు చెప్పినట్లు లేదు. అది తేలేవరకు లక్షన్నర మీ దగ్గరే ఉంచుకోండి.

మీ ఊరి నుంచే చూద్దాం. ప్రొద్దుటూరులో దంత వైద్యశాలలకు కొదవ లేదు. వాటిలో డాక్టరు పంటిని అరగదీసి, అచ్చు తీసి, దాన్ని చిన్న డబ్బాలో పెట్టి, పంటి రంగు ఎ2 అనో ఎ3 అనో చీటీ మీద రాసి ల్యాబుకు పంపిస్తారు. నాలుగైదు రోజులకు క్యాపో (పంటి మీది తొడుగు), బ్రిడ్జో (పోయిన పళ్ల చోట పక్క పళ్ల ఆధారంతో కట్టేది) తయారై తిరిగి వస్తుంది. ఆ డబ్బా ఎక్కడికి పోతోందో మీకు తెలిసిన ఏ డాక్టరునైనా అడగండి. కొన్ని దగ్గరి పట్టణాల్లోని చిన్న ల్యాబులకు పోతాయి. చాలావరకు రాత్రి బస్సులోనో కొరియర్లోనో బెంగళూరుకో, హైదరాబాదుకో, చెన్నైకో పోతాయి. పళ్లు కట్టించుకునేవారు మీ వీధిలోనే ఉన్నా, కట్టే పని నాలుగు వందల కిలోమీటర్ల అవతల జరుగుతూ ఉండవచ్చు.

అందుకే ఫలానా జిల్లాలో ఇంతమంది దంత వైద్యులున్నారు కాబట్టి ఇన్ని ల్యాబు ఉద్యోగాలుంటాయి అని చెప్పే లెక్కలను నేను పట్టించుకోను. కేరళలోని మువాట్టుపుళ మహానగరమేమీ కాదు. 1988లో చిన్నగా మొదలైన డెంట్‌కేర్ ల్యాబు ఇప్పుడు అక్కడ వేలమందికి పని ఇస్తోంది, దేశం నలుమూలల నుంచి కేసులు, అంటే క్లినిక్కులు పంపే పళ్ల పనులు, అక్కడికి చేరుతున్నాయి. అక్కడి జనాభాకు, ఆ ఉద్యోగాల సంఖ్యకు పొంతనే లేదు. ఈ రంగంలో పని ల్యాబు ఉన్నచోటికి పోతుంది, రోగి ఉన్నచోట ఉండదు. ఇప్పుడు చాలా క్లినిక్కుల్లో అచ్చుకు బదులు నోట్లోనే స్కానర్ తిప్పి, కంప్యూటర్ ఫైలు పంపేస్తున్నారు. అచ్చు పంపే కొరియర్ ఖర్చు కూడా లేకపోయాక పని మరింత దూరం పోతుంది. అమెరికా క్లినిక్కుల క్యాపులకు మన దేశంలో కూర్చుని డిజైన్ చేసేవారూ ఉన్నారు.

కాబట్టి సీమలో ఉంటాయా అన్న ప్రశ్నకు నా జవాబు ఇది: కడప, తిరుపతి, కర్నూలు వంటి చోట్ల ఇద్దరు ముగ్గురితో నడిచే ల్యాబులు, దంత వైద్య కళాశాలల్లో కొద్ది పోస్టులు ఉంటాయి. వాటినే నమ్ముకుని చదివించవద్దు. అమ్మాయి మొదటి ఐదారేళ్లు బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉండడానికి మీరూ తనూ సిద్ధమైతేనే ఈ దారి. మీకు విజయవాడకన్నా బెంగళూరే దగ్గర కాబట్టి అది పెద్ద అడ్డంకి కాకపోవచ్చు.

ఇక జీతం సంగతి. ల్యాబు యజమానులను కదిలిస్తే మనుషులు దొరకడం లేదంటారు. కోర్సు చేసిన పిల్లలను కదిలిస్తే పది, పన్నెండు వేలకు మించి ఇవ్వడం లేదంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే. మన దేశంలో మూడు వందలకు పైగా దంత వైద్య కళాశాలలున్నాయి. వాటిలో అత్యధికం డాక్టర్లను తయారుచేసేవే, టెక్నీషియన్ డిప్లొమా నడిపేవి తక్కువ. ఆ లోటును ల్యాబులు తమ పద్ధతిలో పూడ్చుకున్నాయి. పదో తరగతి చదివిన కుర్రాణ్ని తెచ్చి ప్లాస్టర్ కలపడానికి పెడతారు. ఏడాదికి అచ్చులు పోయడం, కోయడం వస్తుంది. మరో రెండేళ్లకు లోహం పాలిష్ చేస్తాడు. డిప్లొమా చేసినవారూ ఇతనూ మొదట్లో ఒకే బల్ల దగ్గర, ఇంచుమించు ఒకే జీతానికి కూర్చుంటారు. కింది మెట్టు మీద మనుషులకు కరువు లేదు. అందుకే అక్కడ జీతం పెరగదు.

కరువంతా పై మెట్ల దగ్గరే. ముందు పళ్లకు సిరామిక్ పెట్టేవారు, కంప్యూటర్ మీద క్యాపులు, ఇంప్లాంట్ బ్రిడ్జిలు (దవడ ఎముకలో బిగించిన మరల మీద కట్టేవి) డిజైన్ చేసేవారు, పూర్తి పళ్ల సెట్టులో పై వరస కింది వరస సరిగ్గా కలిసేలా అమర్చేవారు దొరకడం కష్టం. ఒక మంచి సిరామిస్టును పక్క ల్యాబు ఎగరేసుకుపోతుందేమోనని యజమానులు భయపడుతుంటారు. ఏ కోర్సుకైనా ఈ పై మెట్టు పనుల్లో ఏది ఎంతవరకు నేర్పిస్తుందన్నదే నేను వేసే మొదటి కొలత. మీరు చూసిన ఏడాది కోర్సు ప్లాస్టర్, పాలిష్ దగ్గరే ఆగిపోతే, ల్యాబులో జీతం తీసుకుంటూ నేర్చుకోగలిగిన దానికి మీరు ఎదురు డబ్బు కడుతున్నట్లు.

బంగారు పని చేసేవారు కాబట్టి ఈ పని మీకు నేను చెప్పక ముందే సగం తెలుసు. మైనంతో నమూనా చేయడం, దాని చుట్టూ ఇన్వెస్ట్‌మెంట్ అనే అచ్చు ముద్ద పోయడం, కొలిమిలో మైనం కరిగి కాలిపోయాక ఆ ఖాళీలోకి లోహం పోయడం, అంతా మీ పద్ధతే. బంగారం 1064 డిగ్రీల దగ్గర కరుగుతుంది. క్యాపుల లోపల వాడే నికెల్-క్రోమ్, కోబాల్ట్-క్రోమ్ మిశ్రమాలకు అంతకంటే బాగా ఎక్కువ వేడి కావాలి. మీరు వాడే జిప్సం రకం ఇన్వెస్ట్‌మెంట్ ఆ వేడికి నిలవదు గనుక ఫాస్ఫేట్ రకం వాడతారు. ఆ లోహపు తొడుగు మీద సన్నని కుంచెతో సిరామిక్ పొడిని తడిపి పొరలు పొరలుగా పెట్టి కాలుస్తారు. చిగుళ్ల దగ్గర రంగు కాస్త ముదురు, అంచు దగ్గర కాస్త పారదర్శకం. మీ అమ్మాయికి బొమ్మలు వేసే చెయ్యి ఉందన్నారే, అది పనికొచ్చేది ఇక్కడే.

అయితే మీ వీధిలో పోతపనికి ఏమైందో మీరు చూసే ఉంటారు. చేత్తో మైనం చెక్కేవారి చోట కంప్యూటర్ డిజైన్, మైనం ప్రింటర్ వచ్చాయి. పళ్ల ల్యాబుల్లోనూ అదే జరుగుతోంది. జిర్కోనియా అని సుద్దముక్కలా ఉండే తెల్లటి బిళ్ల ఉంటుంది, 98 మిల్లీమీటర్ల వ్యాసం. డిజైన్ ఫైలు ఇస్తే యంత్రం అందులోంచి పళ్లను తొలిచి ఇస్తుంది. తర్వాత 1500 డిగ్రీలకు అటూ ఇటూ వేడిలో గంటల తరబడి కాలిస్తే అది గట్టిపడి, సుమారు ఐదో వంతు కుంచించుకుపోతుంది. ఆ కుంచింపును ముందే లెక్కగట్టి పెద్దదిగా తొలుస్తారు. లోహం పోత పోసే విభాగాలు ఏటేటా చిన్నవవుతున్నాయి. కనుక కోర్సులో ఎక్సోక్యాడ్, త్రీషేప్ వంటి డిజైన్ సాఫ్ట్‌వేర్ మీద విద్యార్థి స్వయంగా ఎన్ని కేసులు చేస్తారో అడగండి. గోడకు తగిలించిన ఫొటో కాదు, పని చేస్తున్న మిల్లింగ్ (తొలిచే) యంత్రం చూపించమనండి.

చట్టం మాట. 1948 నాటి దంతవైద్యుల చట్టం ఈ వృత్తిని డెంటల్ మెకానిక్ పేరుతో గుర్తించి, రాష్ట్ర దంతవైద్య మండలిలో వారికి విడిగా రిజిస్టరు పెట్టింది. దాని కింద గుర్తింపు ఉన్న కోర్సు రెండేళ్లు, ఇంటర్ సైన్సు చదివినవారికి. మీకు చెప్పినది ఏడాది కోర్సు, అక్కడే నాకు అనుమానం. పాత చట్టం స్థానంలో పార్లమెంటు 2023లో జాతీయ దంత కమిషన్ చట్టం చేసింది కాబట్టి, ఏ సంస్థ చూపించే అనుమతి పత్రమైనా ఏ సంవత్సరానిది, ఎవరు ఇచ్చినదో చదవండి. ఈ కోర్సు చేసినవారిని రిజిస్టరులో చేర్చుకుంటారా అని నేరుగా రాష్ట్ర మండలికే రాసి అడగడం ఇంకా మంచిది. ఐటీఐ ట్రేడుల జాబితాలో కూడా డెంటల్ ల్యాబొరేటరీ ఎక్విప్‌మెంట్ టెక్నీషియన్ అని రెండేళ్ల కోర్సు ఉంది. అది వేరే దారి, రెండింటినీ కలిపి చెప్పేవారు ఉంటారు, జాగ్రత్త.

ప్రైవేటు ల్యాబు యజమాని సర్టిఫికెట్ అడగడు, చెయ్యి చూస్తాడు. మరి రిజిస్ట్రేషన్ ఎందుకంటారా? ప్రభుత్వ కళాశాలలు, ఎయిమ్స్ వంటి సంస్థలు అప్పుడప్పుడు ఒకటో రెండో డెంటల్ టెక్నీషియన్ పోస్టులు ప్రకటిస్తాయి. అక్కడ గుర్తింపు లేని సర్టిఫికెట్‌ను చూడను కూడా చూడరు. విదేశాల్లోనూ అంతే.

ఇంకో మాట చెప్పాలి, కాస్త కటువుగా ఉన్నా. ఈ పని నేర్చుకున్నవారిలో కొందరు చిన్న ఊళ్లలో బోర్డు పెట్టి నేరుగా రోగుల నోట్లో అచ్చు తీసి పళ్లు కడుతుంటారు. డాక్టర్ అని పిలిపించుకునేవారూ ఉన్నారు. అది నేరం. "కోర్సు అయ్యాక సొంత క్లినిక్కు పెట్టుకోవచ్చు" అని ఆ సంస్థవారు గనుక అని ఉంటే, అక్కడితో ఆ సంస్థ ఊసు వదిలేయండి. సొంత ల్యాబు పెట్టుకోవచ్చు, అది పూర్తిగా సక్రమం. కానీ డాక్టర్ల దగ్గర బాకీలు నెలల తరబడి నిలిచిపోవడం, సరిపోని క్యాపును ఉచితంగా మళ్లీ చేసివ్వడం ఈ వ్యాపారంలో మామూలు కష్టాలు. పదేళ్ల అనుభవం లేకుండా దిగేవారికి నేను సలహా ఇవ్వను.

విదేశాల విషయం. బ్రిటన్‌లో 2008 నుంచి డెంటల్ టెక్నీషియన్లు జనరల్ డెంటల్ కౌన్సిల్‌లో నమోదు కావడం తప్పనిసరి. జర్మనీలో ఇది మూడేళ్ల అప్రెంటిస్‌షిప్. నేర్చుకునే కాలంలోనే భృతి ఇస్తారు, కానీ ముందు జర్మన్ భాష బాగా రావాలి. చేతిపని మీద నిజంగా మోజున్న పిల్లలకు నేను చూపించే దారుల్లో ఇది మంచిదే. గల్ఫ్ దేశాల్లో లైసెన్సుకు గుర్తింపు పొందిన డిప్లొమా, అనుభవం అడుగుతారు. సౌదీలో దంత వైద్య రంగంలో స్థానికులకు వాటా పెంచుతూ వస్తున్నారు కాబట్టి అక్కడి ఆశ తగ్గించుకోవడం మంచిది. ఏడాది సర్టిఫికెట్ పట్టుకుని వీటిలో ఏ గడపా దాటలేరు.

ఆరోగ్యం గురించి మీరు అడగలేదు గానీ, తెలుసుకోవలసిన విషయమే. లోహం, సిరామిక్, ఇన్వెస్ట్‌మెంట్ అరగదీసే చోట సన్నని దుమ్ము లేస్తుంది. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. నికెల్ కొందరి చర్మానికి పడదు. కట్టుడు పళ్ల సెట్లకు వాడే యాక్రిలిక్ ద్రవం వాసనకు తల తిరుగుతుంది. మంచి ల్యాబుల్లో ప్రతి బల్ల దగ్గరా దుమ్ము లాగే గొట్టం ఉంటుంది, మిగతాచోట్ల ఒక ఫ్యాను, కిటికీ. సిరామిక్, డిజైన్ విభాగాల్లో ఈ బెడద తక్కువ, అమ్మాయిలు ఎక్కువగా కనిపించేదీ అక్కడే.

ఇప్పుడు చేయవలసింది. ముందు కడప వెళ్లి ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో రెండేళ్ల డెంటల్ మెకానిక్ కోర్సు గుర్తింపుతో ఎక్కడెక్కడ నడుస్తోందో, ఈ ఏడు ప్రవేశాలు ఎప్పుడో విచారించండి. అక్కడి ప్రోస్థోడాంటిక్స్ విభాగం వారికి ఈ విషయాలు బాగా తెలిసి ఉంటాయి. పళ్లు కట్టించే విభాగం అదే. ఆ తర్వాత మీ డాక్టరు ద్వారా మాట్లాడి, ఆయన కేసులు వెళ్లే ల్యాబులో అమ్మాయిని పది రోజులు కూర్చోనివ్వమని అడగండి. చాలామంది ఒప్పుకుంటారు, జీతం అడగకపోతే ఇంకా సంతోషంగా ఒప్పుకుంటారు. రోజంతా తల వంచుకుని, భూతద్దం కింద అచ్చు అంచును గీతలా శుభ్రం చేస్తూ కూర్చోవడం తనకు నచ్చుతుందో విసుగొస్తుందో ఆ పది రోజుల్లో తేలిపోతుంది. నచ్చకపోతే ఆప్టోమెట్రీ (కంటి చూపు పరీక్ష), మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ వంటి బీఎస్సీ కోర్సులు ఉన్నాయి. వాటిలో ఉద్యోగాలు మీ జిల్లాలోనే దొరికే అవకాశం ఎక్కువ. ఆ వివరాలు కావాలంటే మళ్లీ రాయండి.

ఈలోగా ఆ ప్రైవేటు సంస్థవారు సీట్లు అయిపోతున్నాయని ఫోన్ చేస్తారు. గత బ్యాచ్‌లో చదివిన ఐదుగురు ఇప్పుడు ఏ ల్యాబుల్లో, ఏ విభాగాల్లో ఉన్నారో చెప్పమని, వారితో మాట్లాడించమని అడగండి. మాట్లాడించాకే మిగతా సంగతి.